ఎలక్టోరల్ కాలేజీ: ఇంతకీ ఆ కాలేజీ ఏ ఊళ్ళో ఉంది?

2024 నవంబరులో అమెరికా అధ్యక్ష ఎన్నికలో ట్రంప్‌కి ఎలక్టోరల్ కాలేజీలో 312 ఓట్లు, కమలా హారిస్‌కి 226 అని టీవీలో కింద స్క్రోలింగ్ పోతుంటే మా నాన్న అడిగారు, "ఇంతకీ ఆ కాలేజీ ఏ ఊళ్ళో ఉందిరా?" అని. అప్పుడు నవ్వేశాను గానీ తప్పు ఆయనది కాదు, మాటది. తెలుగులో కాలేజీ అంటే గేటు, ఫీజు, అటెండెన్సు. ఇంగ్లీషు మాట వెనకున్న లాటిన్ 'కొలేజియం'కి మాత్రం ఒక పని మీద కూడిన మనుషుల బృందం అని అర్థం, మన సుప్రీంకోర్టు కొలీజియం కూడా ఆ మాటే. తమాషా ఏంటంటే అమెరికా రాజ్యాంగంలో అసలీ పేరే లేదు, 'ఎలక్టర్లు' అని మాత్రమే ఉంటుంది, అంటే రాష్ట్రాలవారీగా జనం ఓట్లని బట్టి ఎంపికై, అధ్యక్షుణ్ణి ఎన్నుకునేవాళ్ళు. పైగా ఆ 538 మంది ఎప్పుడూ ఒకచోట కలవరు. డిసెంబరులో ఎవరి రాష్ట్రంలో వాళ్ళు కూడి, ఓటేసి, ఆ కాగితాలు వాషింగ్టన్‌కి పంపేసి ఇళ్ళకు పోతారు, జనవరి 6న కాంగ్రెస్‌లో, అంటే అక్కడి పార్లమెంటులో, వాటిని లెక్కపెడతారు, 270 వస్తే గెలిచినట్టు.

మరి తెలుగులో ఏమందాం? 'నియోజకగణం', 'ఎన్నికల గణం' రెండూ చూశాను. రెండోది నాకు నచ్చదు, పోలింగు సిబ్బందేమో అనిపిస్తుంది.

జవాబు 1:
నియోజకగణం వినడానికి బాగానే ఉంది గానీ వార్త చదివేవాళ్ళు దాన్ని నియోజకవర్గం అనుకుంటారండీ, నేనే ఒకసారి అలా చదివాను. ఇంకో చిక్కు, మన రాష్ట్రపతి ఎన్నికకీ ఇదే మాట వాడతాం. ఇక్కడ ఓటేసేది ఎన్నికైన ఎంపీలు, ఎమ్మెల్యేలు. అక్కడేమో సెనేటరు గానీ ప్రతినిధుల సభ సభ్యుడు గానీ ఎలక్టరుగా ఉండనే కూడదు, రాజ్యాంగమే వద్దంది. పేరు ఒకటే, లోపల మనుషులు పూర్తిగా వేరు.

జవాబు 2:
'ఎలక్టర్' అన్నది ఇంకా పెద్ద తలనొప్పి. మీ ఓటరు కార్డుని ఇంగ్లీషులో ఎపిక్ అంటారు కదా, అందులో మొదటి అక్షరం ఈ ఎలక్టరుదే. అంటే మన ఎన్నికల సంఘం భాషలో మీరూ నేనూ ఎలక్టర్లమే! అందుకే అమెరికా వార్తని హడావుడిగా తెలుగు చేసేవాళ్ళు 'ఓటర్లు' అని రాసేస్తారు, దాంతో అర్థం మొత్తం పోతుంది. 2016లో హిల్లరీ క్లింటన్‌కి ట్రంప్ కంటే 28 లక్షల పైచిలుకు ఓట్లు ఎక్కువొచ్చాయి, అయినా ఓడిపోయారు. 'ఓట్లు' అన్న ఒక్క మాటతో ఈ సంగతి ఎలా చెబుతారు? జనం ఓట్లు, ఎలక్టర్ల ఓట్లు అని విడదీయాల్సిందే.

మొదట అడిగినవారు:
అయితే 'ఎలక్టర్ల బృందం' అందాం, నాన్నకి కూడా అర్థమవుతుంది. ఇంకొకటి. పార్టీ నిలబెట్టిన అభ్యర్థికి కాకుండా వేరేవాళ్ళకి ఓటేసే ఎలక్టరుని 'విశ్వాసంలేని ఎలక్టరు' అని రాశారొకచోట, చదివితే కుక్క గురించి చెప్పినట్టుంది. 'మాట తప్పిన ఎలక్టరు' అంటే సరిపోదూ? 2016లో అలా లెక్కకెక్కినవాళ్ళు ఏడుగురున్నారు.

జవాబు 2:
సరిపోతుంది. కానీ 1872లో అధ్యక్ష పదవికి పోటీచేసిన హొరేస్ గ్రీలీ సంగతేంటి? జనం ఓట్లేశాక, ఎలక్టర్లు ఓటెయ్యకముందే ఆయన పోయారు. ఆయన తరఫు ఎలక్టర్లు చాలామంది తలో పేరుకీ వేశారు, ముగ్గురు మాత్రం చనిపోయిన మనిషికే వేస్తే కాంగ్రెస్ వాటిని లెక్కలోకి తీసుకోలేదు. వీళ్ళలో మాట తప్పింది ఎవరంటారు?