నర్సింగ్ తర్వాత ప్రజారోగ్యంలో పీజీ చేయడం సరైన నిర్ణయమేనా?

నేను శ్రీకాకుళం జిల్లాలో బీఎస్సీ నర్సింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. కమ్యూనిటీ పోస్టింగులో ఉద్దానం పల్లెలకు వెళ్లినప్పుడు, డయాలసిస్ చేయించుకుని వచ్చి మంచం పట్టిన జీడితోటల కూలీలను, వారి తలగడ కింద మడతలు పడిన, కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ రిపోర్టులను చూశాను. పలాసలో 2023లో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభం కావడంతో చికిత్స దగ్గరైంది గానీ, ఆ కిడ్నీ జబ్బు అక్కడే అంతగా ఎందుకు వస్తోందన్నది ఇప్పటికీ కచ్చితంగా తేలలేదు. అలాంటి ప్రశ్నల మీద పనిచేయాలన్న కోరికతోనే ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) చేయాలనుకుంటున్నాను.

ఇంట్లోవాళ్లు స్టాఫ్ నర్సు ఉద్యోగమే మేలంటున్నారు. వారి భయం అర్థం లేనిది కాదు. ప్రజారోగ్య రంగంలో చాలా ఉద్యోగాలు ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే ఉండే కాంట్రాక్టు కొలువులని నేనూ గమనించాను.

హైదరాబాద్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, సెంట్రల్ యూనివర్సిటీ, తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ నా దృష్టిలో ఉన్నాయి. ఎంబీబీఎస్ చదవనివారికి ఎపిడెమియాలజీలో (జబ్బులు ఎవరికి, ఎందుకు వస్తున్నాయో వెతికే శాస్త్రంలో) నిలకడైన ఉపాధి దొరుకుతుందా? ముందు విలేజ్ హెల్త్ క్లినిక్‌లో కొన్నాళ్లు పనిచేసి, ఆ అనుభవంతో చేరడం మంచిదా, లేక వెంటనే చేరడమే మంచిదా? లెక్కల్లో అంతంతమాత్రంగా ఉన్న నేను బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య గణాంకాల విశ్లేషణ) కోసం ఇప్పటి నుంచే ఏం నేర్చుకోవాలి? ఈ దారిలో నడిచిన పెద్దలు దయచేసి ఉన్నదున్నట్టు చెప్పగలరు.