గంజాయి నిషేధం ఎవరిని శిక్షిస్తోంది?

ప్రశ్న: పాడేరు దగ్గర బడిలో ఉపాధ్యాయురాలిని. నా పూర్వ విద్యార్థి కూలి డబ్బుకు గంజాయి మూట మోసి పట్టుబడ్డాడు. 1985 మాదకద్రవ్యాల చట్టం ప్రకారం గంజాయి 20 కిలోలు దాటితే కనీసం 10 ఏళ్ల జైలు. మూట కట్టించినవాడు మాత్రం దొరకలేదు. చట్టబద్ధం చేస్తే ఈ పిల్లలు బతుకుతారా?

జవాబు: టీచరుగారూ, మా అబ్బాయి విజయవాడలో చదువుతూ దీనికి అలవాటుపడ్డాడు. రెండేళ్లు మాకు నిద్ర లేదు. అది దుకాణంలో దొరకాలంటే నేను ఒప్పుకోను.

మరో జవాబు: 1995లో సంపూర్ణ మద్యనిషేధం పెట్టి 1997లో ఎత్తేశారు. మా ఊళ్లో ఆ రెండేళ్లూ నాటుసారా ఆగలేదు. అయినా అంతకుముందు నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై చేసిన పోరాటం తప్పని అనలేను.

ప్రశ్న అడిగినవారు: అన్నగారూ, మీ బాధ అర్థమైంది. అమ్మకం సంగతి పక్కన పెడదాం. మోసినవాడికీ మోయించినవాడికీ ఒకే శిక్ష ఎందుకు? మా కొండ మీద కాఫీకి, మిరియాలకు మంచి ధర వస్తే వాడు ఆ మూట ఎత్తేవాడా?