పక్కింటావిడకు ఫుడ్ స్టాంప్స్ ఆగిపోయాయి, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. టెక్సస్‌లోని ఇర్వింగ్‌కి కొత్తగా వచ్చాం, నేను హెచ్‌4 మీద (ఉద్యోగ వీసా ఉన్నవారి భాగస్వామికి, పిల్లలకు ఇచ్చే వీసా) ఉన్నాను. మా పక్క ఫ్లాట్‌లో 58 ఏళ్ల ఆవిడ పదిహేనేళ్ల మనవడిని పెంచుతున్నారు. తిండి సరుకులు కొనుక్కోవడానికి ప్రభుత్వం ఇచ్చే ఫుడ్ స్టాంప్స్ డబ్బులు ఈ నెల ఆవిడ లోన్ స్టార్ కార్డులో పడలేదట. ఓ బియ్యం బస్తా కొనిద్దామా అనుకుంటున్నాం. ఇంకేమైనా చేయగలమా?

జవాబు:
చెల్లీ, నువ్వు అడిగినందుకు చాలా సంతోషం. బియ్యం సంగతి తర్వాత, ముందు ఆవిడకు ఫుడ్ స్టాంప్స్ ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరం ఇద్దరూ కూర్చుని చదవండి. 2025 జులై 4న సంతకమైన చట్టంతో ఫుడ్ స్టాంప్స్‌కి ఉన్న పని నిబంధన 64 ఏళ్ల వయసు దాకా పెరిగింది. నెలకు 80 గంటల పనో, శిక్షణో, వాలంటీరింగో చూపించకపోతే మూడేళ్లలో మూడు నెలలే ఇస్తారు. ఇంతకుముందు ఇంట్లో 18 ఏళ్ల లోపు పిల్లలుంటే మినహాయింపు ఉండేది, ఇప్పుడు 14 ఏళ్ల లోపు ఉంటేనే. ఆవిడకు ఇక్కడే దెబ్బ పడి ఉండొచ్చు. అయితే ఆరోగ్యం బాగాలేక పని చేయలేకపోతే మినహాయింపు ఉంది, డాక్టరు చేత రాయించుకుని పెట్టాలి. అప్పీలుకు 90 రోజుల గడువుంటుంది. చాలామంది ఆ ఉత్తరాన్ని బిల్లుల మధ్య పడేసి గడువు పోగొట్టుకుంటున్నారు, నా బాధంతా అదే.

ఈలోగా 211 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయించు. దగ్గర్లో ఏ పాంట్రీ (ఉచితంగా సరుకులిచ్చే చోటు) ఏ రోజు తెరుస్తారో చెబుతారు. మన వైపు పాంట్రీలకు ప్లేనోలోని నార్త్ టెక్సస్ ఫుడ్ బ్యాంక్ సరుకు పంపుతుంది.

ఇక మీరు ఇవ్వదలిస్తే, ఆవిడ ఏం వండుకుంటారో అడిగి ఇవ్వండి. సబ్బు, టాయిలెట్ పేపర్, బట్టల సోడా లాంటివి ఫుడ్ స్టాంప్స్‌తో కొననివ్వరు, కార్డు నిండా డబ్బున్న నెలలో కూడా వాటికి చేతి డబ్బే పెట్టాలి. అవి పట్టుకెళ్తే ఎంతో ఆదుకున్నట్టు. మన సంఘాల వాళ్లకు కూడా చెబుతున్నా, సరుకులు అందిస్తూ ఫోటోలు దిగకండి. బడిలో ఆ పిల్లాడి స్నేహితులు అవి చూస్తారు.

మరో జవాబు:
అక్క చెప్పినదానికి తోడు ఒకటి. ఫుడ్ స్టాంప్స్ ఉన్న ఇంటి పిల్లలకు బడిలో ఉచిత భోజనం దరఖాస్తు లేకుండానే వస్తుంది. ఈ విద్యా సంవత్సరానికి అలా వచ్చి ఉంటే పోదు కానీ, వచ్చే ఏడు బడి తెరవగానే ఆవిడే ఫారం నింపాలి. గర్భిణులు, అయిదేళ్ల లోపు పిల్లలున్న ఇళ్లు ఎవరైనా తెలిస్తే విక్ (తల్లులకు, చిన్నపిల్లలకు ఆహారం ఇచ్చే ప్రభుత్వ పథకం) గురించి చెప్పండి, అందులో వీసా సంగతి అడగరు.

హెచ్‌4 అని మీరు వెనకాడకండి. ఫుడ్ బ్యాంకులో అందరూ జీతం లేకుండా చేసే సేవ మీరూ చేయొచ్చు. నేను వచ్చే శనివారం సరుకులు సర్దడానికి వెళ్తున్నాను, వస్తానంటే కార్లో చోటుంది.