మాజ్డా 13బి: వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ పడిపోతోంది

ప్రశ్న: టెక్సస్‌లో ఉంటాను, సొంతంగా కట్టుకున్న రెండు సీట్ల విమానానికి మాజ్డా కార్ల 13బి రోటరీ ఇంజిన్ (పిస్టన్లకి బదులు రోటర్లు తిరిగేది) పెట్టాను. చల్లగా ఉన్నప్పుడు 70 పీఎస్ఐ చూపిస్తుంది, పావుగంట నేల మీద నడిపేసరికి అదే ఆర్‌పీఎంలో 30కి దిగిపోతోంది. ఇంకా ఎగరలేదు. టెన్షన్‌గా ఉంది, పంపు మార్చేయాలా?

జవాబు: పంపు జోలికి అప్పుడే పోకు తమ్ముడూ. ముందు సెండర్ (ప్రెషర్‌ని మీటర్‌కి చెప్పే సెన్సర్) తీసి అదే రంధ్రానికి మెకానికల్ గేజ్ బిగించి చూడు. ఆయిల్ వేడి ఎంత?

ప్రశ్న అడిగినవారు: గేజ్ కూడా 30 అనే అంటోందన్నా. ఆయిల్ 115 డిగ్రీల సెల్సియస్.

ఇంకో జవాబు: వేడి ఎక్కువే. ఈ ఇంజిన్‌లో రోటర్లని లోపలి నుంచి చల్లబరిచేది ఆయిలే కదా, అందుకే ఆయిల్ కూలర్ చిన్నదైనా, దానికి గాలి సరిగ్గా తగలకపోయినా ఆయిల్ పలచబడి ప్రెషర్ పడుతుంది. అది బాగానే ఉంటే ఇంజిన్ ఫ్రంట్ కవర్ వెనక ఓ-రింగ్ (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగు) చూడండి, 13బికి పాత రోగమే అది, నలిగిందంటే పంపు తోసిన ఆయిల్ అక్కడే సంప్‌లోకి (కింద ఉండే ఆయిల్ తొట్టిలోకి) జారిపోతుంది. కవర్ తీయడానికి ఇంజిన్ ముందు వైపు పుల్లీ బోల్టు విప్పేటప్పుడు షాఫ్ట్‌ని ముందుకి నెట్టి పట్టుకోండి, లేకపోతే లోపలి నీడిల్ బేరింగ్ (సన్నని రోలర్ల బేరింగ్) జారి కూర్చుంటుంది (నాకు జరిగింది, రెండు వారాలు పోయాయి).

ప్రశ్న అడిగినవారు: విప్పాను. ఓ-రింగ్ ఒక పక్క చితికిపోయి ఉంది! కొత్తది ఆర్డర్ పెట్టాను, కూలర్ డక్ట్ కూడా వెడల్పు చేస్తున్నాను.