కోటాసారస్ తలే దొరకలేదు, మరి ఏం తినేదో ఎలా చెప్పారు?

బొబ్బిలి నాన్న:
సెలవుల్లో మా గుంటడిని హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంకి తీసుకెళ్ళాను. కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం దగ్గర నుంచి కదిలితే ఒట్టు. మన ఆదిలాబాద్ వైపు యామన్‌పల్లిలో దొరికిందిరా, పుర్రె మాత్రం దొరకలేదట అన్నాను. అప్పటినుంచి ఒకటే ప్రశ్న, "తలే లేకపోతే ఆకులు తినేదని ఎలా తెలిసింది నాన్నా?" ఏదో ఒకటి చెప్పి ఊరుకోబెట్టడం నాకిష్టం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

జియాలజీ స్టూడెంట్, శ్రీకాకుళం:
మీవాడు సరైన చోటే పట్టుకున్నాడండి. అక్కడ కనీసం 12 జంతువులవి 840 ఎముకలు దొరికాయి, కానీ తలకి సంబంధించి రెండు పళ్ళే. పంటి పైపొర ఎనామెల్ ఎముక కంటే గట్టిది, అందుకే మిగతావి పోయినా పన్ను మిగులుతుంది. ఆ పళ్ళు చెంచాల్లా ఉన్నాయి, అంటే కొమ్మ పట్టి ఆకు దూయడానికి పనికొచ్చేవి. మాంసం తినే డైనోసార్ టీ.రెక్స్ పన్నయితే వేరుతో కలిపి 30 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, అంచున రంపం పళ్ళు.
అయితే పన్ను అంతా చెప్పదు. ఇంగ్లండ్‌లో 1983లో దొరికిన ఇంకో డైనోసార్ బారియోనిక్స్‌కి మొసలి పళ్ళలాంటివి ఉంటే చేపలు తినేదనుకోవచ్చు, కడుపు దగ్గర చేప పొలుసులు దొరికాయి కూడా, వాటితోపాటే ఇగువానడాన్ అనే వేరే డైనోసార్ పిల్ల ఎముకలూ ఉన్నాయి.

నరసన్నపేట రైతు:
సంతలో ఎద్దుని కొనేటప్పుడు మేం ముందు నోరు తెరిచే చూస్తాం, ఎన్ని పళ్ళు వేసింది, ఎంత అరిగాయి అని. డైనోసార్లకీ అలా అరిగేవా తమ్ముడూ?

జియాలజీ స్టూడెంట్, శ్రీకాకుళం:
అరిగేవి అన్నా, ఆ అరుగుదలే అసలు సాక్ష్యం. మైక్రోస్కోప్ కింద పెడితే పంటి మీద సన్నటి గీతలు, గుంటలు కనిపిస్తాయి, వాటిని బట్టి మెత్తటిది తిన్నదా గట్టిది నమిలిందా అని అంచనా వేస్తారు. కానీ వాటికి మన ఎడ్లలా ఉన్న పళ్ళతోనే బతకాల్సిన అవసరం లేదు, డిప్లోడోకస్‌కి ఒక్కోచోట సుమారు 35 రోజులకొక కొత్త పన్ను వచ్చేది.
ఇంకోటి, మీకు తప్పకుండా చెప్పాలి. మహారాష్ట్ర పిస్దూరాలో రాయిగా మారిన డైనోసార్ పేడలో గడ్డి ఆనవాళ్ళు దొరికాయని 2005లో ప్రకటించారు, తర్వాత వరికి దగ్గరి చుట్టాలైన గడ్డీ బయటపడింది. కోటాసారస్ కాలానికి మాత్రం గడ్డి ఇంకా పుట్టలేదు.

బొబ్బిలి నాన్న:
అన్నీ చదివి వినిపించాను, ఇద్దరికీ చాలా థాంక్స్. నిన్ననే వాడికి పాలపన్ను ఊడింది, పేడలో పెట్టి ఇంటి మీదకి విసురుతానని వాళ్ళ నానమ్మ అడిగితే ఇవ్వట్లేదు. గీతలు చూడాలట, భూతద్దం కొనమంటున్నాడు.