‘కమలాప్తు రశ్మి’యా, ‘కమలాప్తుని రశ్మి’యా?

తోకచుక్క: సుమతి శతకంలోని ‘కమలములు నీట బాసిన’ పద్యం రెండో పాదంలో తడబడుతున్నా. నీళ్లు విడిచిన తామరలు తమ ఆప్తుడైన సూర్యుడి వేడికే కమిలినట్టు, నెలవు తప్పితే ‘మిత్రులె’ శత్రువులవుతారనే పద్యం. ‘కమలాప్తు రశ్మి సోకి’ అనే నోటికొస్తోంది. వేరే నక్షత్రం చుట్టూ తిరిగే జీజే 436 బి గ్రహం గురించి రాస్తుంటే గుర్తొచ్చింది, అదీ తన నక్షత్రపు వేడికే కమిలిపోతోంది. నెప్ట్యూన్ అంత గ్రహం, మూడు రోజుల్లోపే ఒక చుట్టు. నక్షత్రపు ఎక్స్‌రే, అతినీలలోహిత కాంతికి దాని హైడ్రోజన్ వేడెక్కి గాలిలా పైకి వీచి పోతోంది. నక్షత్రానికి అడ్డొచ్చినప్పుడు మామూలు వెలుగు ఒక శాతం కూడా తగ్గదు. హైడ్రోజన్ తాలూకు లైమన్ ఆల్ఫా అనే అతినీలలోహిత కాంతిలో చూస్తే సగానికి పైగా మాయం! అంత పెద్ద మేఘం, వెనక తోక. 2015లో హబుల్ పరిశీలనల్లో బయటపడింది.

అరసున్న: ‘ని’ లేకపోతే కందం కుంటుతుందండీ. ఆ పాదంలో మూడో గణం జగణమో (లఘువు, గురువు, లఘువు) నలమో (నాలుగు లఘువులు) కావాలి. ‘గమలా-ప్తుని ర-శ్మి సోకి’ అంటే జగణం పడింది. ‘ని’ తీస్తే ఒక మాత్ర లోటు.

కందపిచ్చి: అసలు గొడవ ‘నీట’ దగ్గర. ‘నీరు బాసిన’ అయ్యుండాలి. గణం రెంటికీ ఒకటే, లేఖకుడు మార్చినా దొరకడు.

అరసున్న: ఏ ప్రతిలో చూశారు?

కందపిచ్చి: ప్రతెందుకు మాస్టారూ, చెవి ఉందిగా.

నల్లపూస: మిత్రుడంటే సూర్యుడని కూడా అర్థం, ‘మిత్రులె’లో ఆయనున్నాడు, ఎవరూ పలకరించరేం? సరే, ఆ గ్రహం ‘నెలవు తప్పింద’ని ఎవరు చెప్పారు? అక్కడే పుట్టిందేమో.

తోకచుక్క: దాని కక్ష్య నక్షత్రపు ధ్రువాల మీదుగా పోతుందండీ, పైగా కాస్త సాగి ఉంది. దూరాన ఇంకేదో గ్రహం ఉండి లోపలికి నెట్టిందని ఒక ఊహ.

నల్లపూస: ఊహే కదా!

అరసున్న: ‘కమలిన’ మాత్రం భేష్. కమలడమంటే పైపైన కాలడం, బూడిదవడం కాదు.

తోకచుక్క: అదీ మాట! హెచ్‌డీ 209458 బి అనే మరో గ్రహం నుంచి హైడ్రోజన్ పోతోందని 2003లోనే పట్టారు. బృహస్పతి లాంటిది కాబట్టి ఆ నష్టం దానికి లెక్కలోది కాదు. చిన్న గ్రహాలకైతే పైపొర మొత్తం ఊడి రాయే మిగలొచ్చు.

కందపిచ్చి: సూర్యుడి మీద పద్యమంటే పోతన్నదేనండీ, ‘రవిబింబం బుపమింప’! వామనుడు పెరిగేకొద్దీ సూర్యుడు ఆయనకు గొడుగుగా మొదలై పాదపీఠం దాకా దిగుతాడు.

నల్లపూస: చెవిపోగు తర్వాత భుజకీర్తేనా?

అరసున్న: కాదమ్మా, మధ్యలో కంఠాభరణం ఉంది.

కందపిచ్చి: నేనూ అదే చెప్పబోతున్నా.