92 ఏళ్ల తాతయ్యకి శుక్లం ఆపరేషన్ చేయించొచ్చా?

గుడివాడ కుర్రాడు:
మా తాతయ్యకి 92. రెండు కళ్లలోనూ శుక్లాలు, కుడి కంటికైతే వెలుతురు తప్ప ఏమీ తెలియట్లేదు. బీపీకి, రక్తం పలచబడటానికి, ప్రోస్టేట్‌కి మాత్రలు వాడుతున్నారు. డాక్టరు చేయొచ్చన్నారు గానీ మామయ్య "ఈ వయసులో కోత ఎందుకు, ఇంకా పండనీ" అంటున్నాడు. మొన్న రాత్రి బాత్రూంకి వెళ్తూ గడప తగిలి పడ్డారు కూడా. ఇంత పెద్దవాళ్లకి ఎవరైనా చేయించారా?

పాత చందాదారు:
పండేదాకా ఆగడం సోడాబుడ్డి కళ్లద్దాల కాలం నాటి మాటండీ. అప్పుడు లెన్సు మొత్తాన్నీ బయటికి తీసేవాళ్లు, ఇప్పుడు లోపలే పొడి పొడి చేసి పీల్చేస్తున్నారు, ముదిరి గట్టిపడే కొద్దీ ఆ పని కష్టమై కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) వాచే ప్రమాదం ఎక్కువ. మరీ ముదిరితే కంట్లో ప్రెషర్ పెరిగి నొప్పితో అర్ధరాత్రి పరిగెత్తాల్సి రావచ్చు, ఒక్కోసారి ఉన్న చూపూ పోతుంది.

ఓటీ డ్యూటీ:
కంటి ఆస్పత్రిలో పనిచేస్తాను, తొంభై దాటినవాళ్లు వస్తూనే ఉంటారు. మత్తు చుక్కలతోనో, కంటి పక్కన ఇంజెక్షన్‌తోనో అయిపోతుంది కాబట్టి వయసు కంటే ముందు మేం చూసేది, కాసేపు వెల్లకిలా కదలకుండా పడుకోగలరా అని. దగ్గు, ఆయాసం ఉంటే ఇప్పుడే చెప్పండి. ప్రోస్టేట్ మాత్ర పేరు తప్పకుండా చెప్పాలి, టామ్సులోసిన్ అయితే ఆపరేషన్‌లో కంటిపాప సరిగా విచ్చుకోకపోవచ్చు, మాత్ర మానేసినా ఆ ప్రభావం పోకపోవచ్చు, ముందే తెలిస్తే సర్జన్ తయారుగా ఉంటారు. రక్తం పలచబడే మాత్ర మీ అంతట మీరు ఆపేయకండి, చాలాసార్లు ఆపక్కర్లేదు కూడా.

నాయనమ్మ మనవరాలు:
మా నాయనమ్మకి 88 ఏళ్ల వయసులో చేయించాం. ఆపరేషన్ బాగానే జరిగింది, చూపు మాత్రం అనుకున్నంత రాలేదు, రెటీనా (కంటి వెనక, వెలుతుర్ని పట్టే పొర) అప్పటికే దెబ్బతింది. మాకెవరూ ముందు చెప్పలేదు, ఆ కోపం ఇంకా ఉంది. అయినా ఇప్పుడు మనుషుల్ని పోల్చుకుంటుంది, కూరలో ఉప్పు తనే వేసుకుంటుంది. మీవాళ్లకి శుక్లం అడ్డొచ్చి రెటీనా కనబడకపోతే బీ-స్కాన్ (కంటికి తీసే అల్ట్రాసౌండ్) చేస్తారా అని అడగండి.

గుడివాడ కుర్రాడు:
ఆయాసం లేదు, నడుం నొప్పి మాత్రం ఉంది. దిండు పెట్టనిస్తారా? ఖర్చు కూడా ఒక టెన్షనే.

ఓటీ డ్యూటీ:
మోకాళ్ల కింద పెట్టనిస్తారు. ఖర్చు సంగతంటే, విజయవాడ పక్కన తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ వాళ్ల ఆస్పత్రి ఉంది, కట్టలేనివాళ్లకి ఉచితంగా చేస్తారు. తర్వాత చుక్కల మందు కొన్ని వారాలు వేళకి వేయాలి, ఆ పని ఎవరిదో మామయ్యతో ఇప్పుడే తేల్చుకోండి.